గ్లామర్ గారి పుట్టిల్లు

టీవీలో యాంకరమ్మాయి ఫలానా హీరోయిన్ ‘గ్లామర్ ఒలకబోసింది’ అంటుంటే మా తెలుగు మాస్టారు విసుగ్గా రిమోట్ అందుకున్నారు. ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో సంధులు చెప్పి రిటైరైన మనిషి.

“మార్చకండి మాస్టారూ, ఆవిడ ఒలకబోసింది మీ సబ్జెక్టునే” అన్నాను.

ఆయన నావైపు చూశారు. టెన్త్‌లో నేను ‘రామాలయం’ గుణసంధి అని రాసినప్పుడు చూసిన చూపే అది.

వేళాకోళం కాదు. గ్లామర్ పుట్టిల్లు వ్యాకరణమే. గ్రీకులో ‘గ్రామాటికే’ అంటే అక్షరాల విద్య. అది లాటిన్ మీదుగా, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చి గ్రామర్ అయింది. మధ్యయుగాల యూరప్‌లో గ్రామర్ అంటే ముఖ్యంగా లాటిన్ చదువు. ఆ చదువు వచ్చినవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో. ఒకడు లావుపాటి పుస్తకం తెరిచి, ఎవరికీ అర్థంకాని భాషలో ఏదో గొణుక్కుంటుంటే జనానికి ఏమనిపిస్తుంది? చేతబడి చేస్తున్నాడనిపిస్తుంది. అలా గ్రామర్‌కు మంత్రవిద్య అనే అర్థం అంటుకుంది. ఫ్రెంచివాళ్లు మంత్రాల పుస్తకాన్ని ‘గ్రిమ్వార్’ అంటారు. అదీ ఈ ఇంటి పిల్లే.

స్కాట్లండ్‌వాళ్ల నోట్లో ఈ గ్రామర్‌లోని ‘ర’ కాస్తా ‘ల’ అయి గ్లామర్ పుట్టింది. ‘రలయోరభేదః’, రకారానికీ లకారానికీ తేడా లేదని మన పండితులు ఎప్పుడో తీర్పు ఇచ్చేశారు. స్కాట్లండ్‌వాళ్లు అప్పీలుకు వెళ్లకుండా దాన్ని అమలు చేశారు, అంతే. 1789లో రాబర్ట్ బర్న్స్ ఒక కవితలో గ్లామర్‌నీ గ్రామర్‌నీ పక్కపక్క పాదాల్లో ప్రాస కలిపి వాడేశాడు కూడా. తల్లీకూతుళ్లను ఒకే ఫొటోలో నిలబెట్టినట్టు. తర్వాత వాల్టర్ స్కాట్ రచనలతో ఆ మాట ఇంగ్లీషువాళ్లందరికీ అలవాటైంది. అప్పటికి దాని అర్థం అందం కాదు. చూసేవాళ్ల కళ్లకు ఉన్నది కనబడకుండా, లేనిది కనబడేలా చేసే మాయ. అందం, ఆకర్షణ అనే అర్థం ఆ తర్వాత వచ్చింది. 1930ల నాటికి హాలీవుడ్ దాన్ని పూర్తిగా దత్తత తీసుకుంది. కలర్‌లో, ఆనర్‌లో ‘యు’ అక్షరం పీకేసిన అమెరికావాళ్లు గ్లామర్ జోలికి మాత్రం పెద్దగా పోలేదు. తీసేస్తే గ్లామర్ తగ్గుతుందని కాబోలు.

దీనికి సరైన తెలుగు మాట మన దగ్గర ఏనాటినుంచో ఉంది: కనికట్టు. కంటికి కట్టే కట్టు. సంతలో గారడీవాడు ఖాళీ బుట్టలోంచి పావురాన్ని తీసేది దీనితోనే. కాబట్టి ఇకనుంచి సినిమా పేజీలవారు ‘గ్లామర్ పాత్ర’ అనే పరభాషా ప్రయోగం మాని ‘కనికట్టు పాత్ర’ అని రాయాలని కోరుతున్నాను. ‘డీగ్లామర్ రోల్’ని ‘కట్టు విప్పిన పాత్ర’ అనొచ్చు. ఆస్పత్రి సీను అనుకుంటారేమోనని చిన్న భయం, అంతే.

గ్రామర్‌ని మంత్రం అనుకున్న ఆ అమాయకులను చూసి నవ్వడానికి కూడా మనకు హక్కు లేదు. ‘ప్రథమమీఁది పరుషములకు గసడదవలు బహుళముగానగు.’ చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోని సూత్రమిది. అర్ధరాత్రి పెరట్లో ముగ్గేసి, నిమ్మకాయ కోసి దీన్ని పైకి చదవండి, పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేయకపోతే నన్నడగండి. గసడదవ! హ్రీం, క్రీంల కంటే ఏం తక్కువ? మంత్రాలకు చింతకాయలు రాలవంటారు గానీ ఈ మంత్రానికి మా క్లాసులో సగం మంది రాలిపోయారు.

మరి న్యాయంగా చూస్తే గ్లామర్ మీద వచ్చే ఆదాయంలో వ్యాకరణం మాస్టార్లకు వాటా రావాలి కదా? హీరోయిన్ పారితోషికంలో అక్కర్లేదు, కనీసం టైటిల్ కార్డుల్లో డాన్స్ మాస్టర్‌కూ ఫైట్ మాస్టర్‌కూ మధ్య ఒక తెలుగు మాస్టర్ పేరు వేయాలి. ప్రస్తుతం జరుగుతున్నదేమిటంటే, కూతురు కార్లలో తిరుగుతోంది, తల్లి పెన్షన్ ఆఫీసు ముందు క్యూలో నిలబడింది. టీవీలో తెలుగు ఎంత తప్పులతో మాట్లాడితే అంత గ్లామర్ అనే రూలు కూడా వచ్చింది. పెళ్లయ్యాక పుట్టింటి భాష మర్చిపోవడం కొందరికి మామూలే అనుకోండి.

మాటల సంగతి కూడా చూడండి. సంధిలో ఆగమం అనే కొత్త అక్షరం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్న అక్షరాన్ని వెళ్లగొట్టి ఆ చోట కూర్చుంటుంది, ఉన్న అక్షరం ఊరికే మాయమైతే అది లోపం అని మాస్టారు చెప్పేవారు. గ్లామర్ కూడా మొదట మిత్రుడిలాగే వచ్చింది. ‘అందం, గ్లామర్ రెండూ ఉన్న నటి’ అని రాసేవారు. ఇప్పుడు అందం ఎక్కడుందో, సొగసు ఎక్కడుందో, వగలు ఏ ఊళ్లో ఉన్నాయో!

ఇదంతా విని మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ఈలోగా ఆయన మనవరాలు వచ్చి తాతయ్యను ఫోన్‌లో ఫొటో తీసి, ఏదో నొక్కి చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని పరీక్ష పేపరు దిద్దినట్టు చూశారు.

“నుదుటి మీద ముడతలు ఏమయ్యాయమ్మా?”

“ఫిల్టర్ తాతయ్యా. తీసేసింది.”

“అంటే లోపం. బుగ్గలమీద ఈ ఎరుపు?”

“అదే వేసింది.”

“ఆగమం. ఈ ముక్కు నాది కాదే?”

“కొంచెం షార్ప్ చేసింది.”

“ఆదేశం” అన్నారు మాస్టారు. ఇరవయ్యేళ్ల తర్వాత మళ్లీ క్లాసుకొచ్చినట్టు ఆయన మొహం వెలిగిపోయింది. “ఒరేయ్, నువ్వు చెప్పింది నిజమేరా. మొత్తం వ్యాకరణమే!” అని నావైపు తిరిగి, మళ్లీ మనవరాలితో, “అమ్మలూ, సంధి జరక్కుండా ఉన్నది ఉన్నట్టే వదిలేస్తే ప్రకృతిభావం అంటాం. దానికేది బటన్?” అన్నారు.

ఆ పిల్ల ఫోనంతా వెతుకుతోంది.