ఆకుకి చిల్లు పడిందా? మందు కొట్టకండి, బోర్డు పెట్టండి

గడ్డి మీద నడవరాదు. పూలు కోయరాదు. ముట్టుకోరాదు. ఏ పార్కు గేటు దాటినా ముందు పలకరించేవి ఇవే. వాటి పక్కనే ఇంకోటి: ‘ప్రకృతిని ప్రేమిద్దాం’. దగ్గరికి రానివ్వకుండా ప్రేమించమంటే ఎలా కుదురుతుందో ఆ బోర్డు రాయించినవాళ్లే చెప్పాలి.

ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయం 1545లో తోట వేసింది వైద్య విద్యార్థులు మందు మొక్కల్ని కళ్లారా చూసి గుర్తుపట్టడం నేర్చుకోవాలని. తోటంటే చూసి నేర్చుకునే చోటని అప్పటికే తెలుసు. ఇప్పుడేమో వాకింగ్ ట్రాక్ చుట్టూ పచ్చగా కనిపిస్తే చాలంటున్నారు.

‘సీతాకోకచిలుకల తోట’ పేరుతో జరిగేదే చూడండి. నాలుగు పూల మొక్కలు, ఒక సిమెంటు సీతాకోకచిలుక, రిబ్బన్ కటింగ్. పూలలో తేనె ఎగిరే సీతాకోకచిలుకకి తిండి, అంతవరకే. అది గుడ్డు పెట్టాలంటే పిల్ల తినే ఆకు ఉండాలి. ఆ ఆకు జాతిని బట్టి మారుతుంది. జిల్లేడు మీద పెట్టేది నిమ్మ మీద పెట్టదు. నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకుల మీద ఒక్కో గుడ్డూ విడివిడిగా పెడుతుంది. బయటికొచ్చిన గొంగళి మొదట్లో అచ్చం పిట్టరెట్టలా ఉండి పక్షుల కళ్లు కప్పుతుంది. పెరిగాక ఆకుపచ్చ రంగుకి మారుతుంది. అప్పుడు దాన్ని మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ముల జంట పొడుచుకొచ్చి ఘాటుగా వాసన కొడుతుంది. ఇది ఒక్కసారి చూసిన పిల్ల ఆ చెట్టుని జన్మలో మర్చిపోదు.

చూడనిస్తేగా! చిల్లు కనపడగానే మందు కొట్టేస్తారు. ‘మాది సేంద్రియమండీ, బీటీ మాత్రమే వాడతాం’ అని గర్వంగా చెప్పేవాళ్లు మరీను. గొంగళ్ల కోసం కొట్టే బీటీ బ్యాక్టీరియాతో చేసిన పురుగుమందు, అది పంటపురుగు ఏదో, సీతాకోకచిలుక పిల్ల ఏదో తేడా చూడదు, తిన్నదాన్నల్లా చంపుతుంది. నర్సరీ మొక్కతో ఇంకో చిక్కు. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు మొక్క లోపలికి ఇంకి ఆకులో, తేనెలో, పుప్పొడిలో నెలల తరబడి ఉండిపోవచ్చు. కొనేముందే అడగండి. లేదా విత్తనం నుంచో కొమ్మ నుంచో మీరే పెంచుకోండి. ఒక్క మొక్క నాటితే గొంగళ్లు మోడు చేసి ఆకలికి చస్తాయి కాబట్టి రకానికి ఐదారు చొప్పున గుంపుగా, ఎండ బాగా తగిలి గాలి విసురు లేని చోట నాటాలి. పూలలో ముద్దరకాలు తగ్గించండి. వాటిలో కేసరాలే రేకులైపోతాయి, వచ్చిన తేనెటీగకి దక్కేది తక్కువ.

ఇక ‘బీ హోటల్’ ఫ్యాషన్, అంటే తేనెటీగలు గూడు పెట్టుకోవాలని గొట్టాలు పేర్చిన పెట్టె. తేనెపట్టు పెట్టేవే కాదు, ఒంటరిగా బతికేవీ కలిపితే తేనెటీగ జాతుల్లో దాదాపు 70 శాతం నేలలో గూడు పెట్టుకునేవే. వాటికి కావాల్సింది ఎండ తగిలే ఉత్త మట్టి. దాని మీద కలుపు రాకుండా ప్లాస్టిక్ షీటు పరిచి, పక్కనే ఈగలకి హోటల్ కడతారు! కట్టాలనే ఉంటే సరిగ్గా కట్టండి: గొట్టాల వ్యాసం 3 నుంచి 10 మిల్లీమీటర్లు, లోతు 15 సెంటీమీటర్లు, వెనక మూసి ఉండాలి. వెదురైతే కణుపు వెనక్కి వచ్చేలా కోయాలి. లోపల పేళ్లు లేస్తే రెక్కలు చిరుగుతాయి, వాన పడితే బూజు పడుతుంది, అవే గొట్టాల్ని ఏళ్ల తరబడి వదిలేస్తే పరాన్నజీవులు చేరతాయి.

పిట్టలకి నీళ్ల పళ్లెం 5 సెంటీమీటర్ల లోతు దాటకూడదు, అడుగు గరుగ్గా ఉండాలి. రెండు మూడు రోజులకోసారి పారబోసి తోమితే దోమ పిల్లలు పెద్దవయ్యే వ్యవధే ఉండదు.

గడ్డి పెరగనిస్తే ‘పట్టించుకోవట్లేదు’ అని ఫిర్యాదులొస్తాయి, నిజమే. దానికి ఉపాయం అంచు. దారి పక్కన అరమీటరు వెడల్పున శుభ్రంగా కత్తిరించి, లోపల పెరగనివ్వండి. కావాలనే వదిలారని చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. కోసేటప్పుడు విత్తనం రాలాక, ఒకసారి సగమే కోయాలి.

బోర్డుల సంగతి. లాటిన్ పేరు, కుటుంబం పేరు రాసి చేతులు దులుపుకుంటే ఎవరు ఆగి చదువుతారు? ‘ఆకు అడుగున చూడండి, ఆవగింజంత గుడ్డు ఉండొచ్చు’ అని రాయండి, పిల్లలు మోకాళ్ల మీద కూర్చుంటారు. ఎత్తు 70 సెంటీమీటర్లు, పలక వాలుగా, వాక్యాలు రెండు. చెట్టుకి మేకు దిగ్గొట్టొద్దు, మాను లావెక్కి పలకని మింగేస్తుంది. విడిగా కర్రకి బిగించండి.

ఇందులో తోటమాలిని తిట్టి లాభం లేదు. రాలిన ఆకు కనపడితే బిల్లు కోస్తామని కాంట్రాక్టులో రాసింది ఆయన కాదు. ఆ షరతు కొట్టేసి, చెట్ల కింద ఆకుని మొదలుకి జానెడు దూరం వదిలి 5 సెంటీమీటర్ల మందాన ఉంచాలని రాయండి. అలాగే రోజూ పొద్దున తోటంతా తిరిగి గుడ్డు ఎక్కడుంది, గొంగళి ఏ కొమ్మ మీదుందో చూసి గేటు దగ్గర నల్లబల్ల మీద రాయడానికి పట్టే పావుగంటని కూడా పనిగంటల్లో కలిపి జీతం లెక్కేయండి.