లెక్క లాంపుది కాదు, సోల్డర్ బొట్టుది

(రీచార్జబుల్ లాంపును యూరోపియన్ యూనియన్ దేశాల్లో నేరుగా అమ్మాలని యజమాని తొందర. క్వాలిటీ చూసే అమ్మాయి సంతకం పెట్టనంటోంది.)

యజమాని: సీసం లాంటి హానికర పదార్థాలు పరిమితి దాటలేదని సప్లయర్లందరూ రోహ్స్ చట్టం కింద కాగితం ఇచ్చారు కదమ్మా, యూరప్ నిబంధనలకు సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు వేసి పంపేద్దాం. లాంపు అర కిలో ఉంటుంది, అందులో సీసం ఎంత, చిటికెడు కూడా ఉండదు.

క్వాలిటీ: లెక్క లాంపు మొత్తం మీద కాదు సార్. బోర్డు మీద భాగాల్ని అతికించే సోల్డర్ వేరు, వైరు తొడుగు వేరు, స్క్రూ మీద పూత వేరు, విడదీయగలిగిన ఒక్కో పదార్థంలో సీసం 0.1 శాతం మించకూడదు, కాడ్మియమైతే 0.01 శాతమే. పాత రకం సోల్డర్‌లో సీసమే 37 శాతం. ఒక్క బొట్టు చాలు.

యజమాని: ఆ పాతదే నయం! 183 డిగ్రీలకే కరిగేది. ఇప్పటి తగరం-వెండి-రాగి సోల్డర్‌కి 217 దాటాలి, పైగా తగరం పూత మీద సన్నటి పోగులు మొలిచి షార్టయ్యే గొడవొకటి. త్వరగా పాడైతే అదీ చెత్తేగా, పర్యావరణానికి ఒరిగిందేంటి?

క్వాలిటీ: పోగుల మాట నిజమే, కాదనను. అందుకే కొన్ని వాడకాలకు మినహాయింపులున్నాయి, మన బోర్డు వాటిలోకి రాదు. అసలు నా టెన్షన్ కేబుల్ గురించి. దాని సప్లయర్ ఇచ్చిన కాగితం 2014 నాటిది, 2019 జులై 22 నుంచి థాలేట్లనే రసాయనాలు నాలుగు కూడా రోహ్స్ జాబితాలో చేరాయి, వైరు తొడుగు పీవీసీ ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపేది అలాంటివే.

యజమాని: ఎక్స్‌రేతో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ పెట్టి చూస్తే పోలా?

క్వాలిటీ: దానికి థాలేట్లు దొరకవు. క్రోమియం ఉందంటుంది గానీ, అది రోహ్స్ కట్టడి చేసిన విషపు హెక్సావలెంట్ రకమో కాదో తేల్చదు. 2001లో నెదర్లాండ్స్‌లో అధికారులు సోనీ ప్లేస్టేషన్ గేమ్ పెట్టెల్ని ఆపేసింది కేబుళ్లలో కాడ్మియం వల్లే, అప్పటికి రోహ్స్ పుట్టనే లేదు.

యజమాని: సరే, కేబుల్ ల్యాబ్‌కి పంపు. మామూలు చెత్తలో వేయొద్దని చెప్పే, అడ్డంగా కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ మాత్రం అచ్చేయించేశాను, రీసైక్లింగ్ పని అయిపోయినట్టేగా?

క్వాలిటీ: బొమ్మతో అయిపోతే ఇంకేం! అమ్మే ప్రతి దేశంలో విడిగా నమోదు కావాలి, మన తరఫున అక్కడో ప్రతినిధి ఉండాలి, ఎన్ని కిలోలు అమ్మామో చెప్పి, సేకరణ ఖర్చులో మన వాటా కట్టాలి.

యజమాని: వాడుకుని పారేసేది వాళ్లు, కట్టేది నేనా?

క్వాలిటీ: బ్యాటరీ ఊడిరాకుండా జిగురుతో అతికించింది మనమే కదా సార్.

యజమాని: ...మనం అమ్మాలనుకున్నవి మొత్తం ఎన్ని దేశాలు?

క్వాలిటీ: ఐదు.

యజమాని: ముందు రెండింట్లో అమ్ముదాం. జిగురు తీసేసి స్క్రూలు పెడితే ఎంతవుతుందో కూడా కనుక్కో.