లేబర్ లా చేస్తామనే పిల్లలూ, కంపెనీ లా పుస్తకం అమ్మేయకండి

ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన అమ్మాయి నిన్న ఒక మాట అంది. "నేను కార్మికుల తరఫునే చేస్తాను మేడమ్. కంపెనీ లా ఎలాగో పాసైపోయాను, ఇక దానితో పనేముందండి?" ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. చదువుకునే రోజుల్లో నేనూ అచ్చం అలాగే అనుకున్నాను.

కొన్నేళ్ల క్రితం భీమవరం పక్క ఊరి నుంచి రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు పదకొండు మంది మా ఆఫీసుకి వచ్చారు. ఐసు నీళ్లలో నాని నాని వేళ్ల చివర తోలు తెల్లగా పొరలు లేచిపోయింది. ఐదు నెలల జీతం బాకీ. వాళ్లలో పెద్దావిడ కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన జీతం చీటీ తీసి బల్ల మీద పరిచింది. "గేటు మీద పేరొకటండీ, దీని మీద పేరింకోటి. మేం ఎవరి దగ్గర పనిచేసినట్టమ్మా?"

నేను నాకు తెలిసిన దారిలో లేబర్ కోర్టుకి కాగితాలు సిద్ధం చేశాను. ఈలోగా తెలిసిందేమిటంటే, ఆ కంపెనీ మీద అప్పటికే, కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో దివాలా కేసు మొదలైంది. మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) వచ్చాక కంపెనీ మీద వేరే కోర్టుల్లో కేసులు ముందుకు కదలవు. బాకీ ఉన్నవాళ్లు 14 రోజుల్లో క్లెయిమ్ పెట్టుకోమని పేపర్లో ప్రకటన కూడా వచ్చింది, రిజిస్టరైన పేరుతో. ఆ పేపర్ మా ఇంటికీ వస్తుంది. గేటు మీది పేరే తెలిసిన నేను దాన్ని దాటేసి పేజీ తిప్పేశాను. గడువు దాటాక, ఆలస్యానికి కారణాలు రాసి కార్మికుల క్లెయిమ్ కాగితం, ఫారం డి పెట్టాం. చివరికి వాళ్ల చేతికొచ్చింది బాకీలో సగం కూడా కాదు.

2016 నాటి దివాలా కోడ్‌లో 53వ సెక్షన్ ఒక్కసారి శ్రద్ధగా చదవండి. కంపెనీ ఆస్తులు అమ్మి పంచేటప్పుడు కార్మికుల 24 నెలల బాకీ, తాకట్టు హక్కు వదులుకున్న బ్యాంకుతో సమానమైన వరుసలో ఉంటుంది. కార్మికుల కిందికి రాని ఉద్యోగులకైతే 12 నెలలే, అదీ ఆ తర్వాతి వరుసలో. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల డబ్బు అసలు ఆ పంపకంలోకే రాదు. మేస్త్రి ద్వారా పనిలోకి వచ్చినావిడ ఆ కంపెనీ కార్మికురాలేనని నిరూపించడానికి లేబర్ లా కావాలి. నిరూపిస్తే ఆవిడ ఏ వరుసలో నిలబడుతుందో కంపెనీ లా చదివినవాళ్లకే తెలుస్తుంది. ఒకటి వచ్చి రెండోది రాకపోతే నష్టపోయేది ఆవిడే.

ఇది కొత్త సంగతేమీ కాదు. అసోసియేటెడ్ రబ్బర్ కేసులో లాభం తక్కువ కనబడేలా, తద్వారా బోనస్ తగ్గేలా, డివిడెండ్ వచ్చే షేర్లని అనుబంధ కంపెనీకి మళ్లించారు. 1985లో సుప్రీంకోర్టు ఆ ముసుగు తీసి కార్మికుల పక్షాన నిలిచింది. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. బ్యాలెన్స్ షీటు చదవడం రానివాళ్లు ఆ వాదన చేయగలరా?

కొత్త కార్మిక చట్టాలైన నాలుగు లేబర్ కోడ్‌ల మీద ఇప్పుడు ప్రతి కాలేజీలో సెమినార్లు పెడుతున్నారు, మంచిదే. కానీ డెల్టాలో మన దగ్గరికి వచ్చే మనిషి మొదట అడిగేది యజమాని ఎవరని. రైస్ మిల్లుల్లో చాలావరకు భాగస్వామ్య సంస్థలే. అక్కడ బాకీకి భాగస్తుల సొంత ఆస్తి కూడా జవాబు చెప్పాలి. అదే ప్రైవేట్ లిమిటెడ్ అయితే మామూలుగా డైరెక్టర్ మేడ జోలికి వెళ్లలేం. ఈ తేడా తెలియకుండా నోటీసు ఎవరి పేర రాస్తారు?

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, కంపెనీల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ ఎంసీఏ వెబ్‌సైట్‌లో వాళ్ల ఊరి రొయ్యల ప్లాంటు పేరు వెతకమన్నాను. బోర్డు మీది పేరుతో దొరకలేదు. అక్కడి జీతం చీటీ మీది పేరు కొడితే వచ్చింది. డైరెక్టర్లు, ఏయే బ్యాంకుకి ఎంతెంత తాకట్టు ఉందో ఆ జాబితా, అన్నీ. "మా పిన్ని ఇందులోనే పనిచేస్తుందండి" అని చాలాసేపు తెర వంకే చూస్తూ ఉండిపోయింది.

మీరూ మీ ఊరి కంపెనీ ఒకటి వెతకండి. అర్థం కాకపోతే ప్రింటు తీసుకుని ఆదివారం సాయంత్రం మా ఆఫీసుకి రండి, కలిసి చదువుదాం.