తనిఖీ నాటి దుప్పటి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నీలం గళ్ళ దుప్పటి గారి సముఖమునకు,

నాలుగో నంబరు మంచం మీది రిటైర్డు హెడ్మాస్టరు నమస్కరించి వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి అని రాయడం మా తరం అలవాటు. కానీ తమరి కుశలం నాకు తెలుసు, నా కుశలం తమరికి అక్కర్లేదు కాబట్టి ఆ మాట కొట్టేసి నేరుగా విషయానికి వస్తున్నాను.

తమరు మా వృద్ధాశ్రమంలో ఏడాదికి రెండు మూడుసార్లు దర్శనమిచ్చేవారు. మిగతా రోజులన్నీ ఆఫీసు రూము బీరువాలో, కలరా ఉండల మధ్య యోగనిద్ర. తిరుపతిలో ఉంటున్నవాడిని కాబట్టి నాకు తోచే పోలిక ఒకటే. గర్భగుడిలో మూలవిరాట్టు కదలడు, మాడవీధుల్లో ఊరేగేది ఉత్సవమూర్తి. మా మంచాల మీద కదలకుండా పడి ఉండే చిరుగుల దుప్పటి మూలవిరాట్టు. తమరు ఉత్సవమూర్తి.

తమరు బయటికి వస్తున్నారని మాకు ముందురోజే తెలిసిపోయేది. మధ్యాహ్నం మేనేజరుకు ఫోను వస్తుంది. "అట్లనే సార్, రండి సార్" అని లేచి నిలబడి మాట్లాడతాడు. నిలబడ్డాడంటే పై ఆఫీసు. సాయంత్రానికి వరండా అంతా ఫినాయిల్ వాసన, గేటు నుంచి మెట్ల దాకా అటూ ఇటూ బ్లీచింగ్ పౌడరు గీతలు. నెలన్నరగా వెలగని బాత్రూము బల్బు వెలుగుతుంది. పోయినసారి దాన్ని చూడ్డానికే నేను రెండుసార్లు బాత్రూముకు వెళ్ళొచ్చాను, పని లేకపోయినా. రాత్రికి ఆయా కూర్చుని చార్టు రాస్తుంది.

ఆ చార్టు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా గదిలో ఒకటో నంబరు మంచం ఆర్టీసీ డ్రైవరుగా చేసినాయనది. జీవితమంతా తిరుమల ఘాటులో బస్సు తిప్పిన మనిషి. పక్షవాతం వచ్చాక ఇప్పుడు ఆయన్నే ఇంకొకరు తిప్పాలి. మంచం పట్టినవాళ్ళను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే మడమ దగ్గర, తుంటి దగ్గర, వెన్ను చివర పరుపుకూ ఎముకకూ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక చచ్చిపోతుంది. మొదట ఎర్రగా కందుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. అప్పుడే కనిపెడితే తగ్గుతుంది. వదిలేస్తే తోలు లేచి, గుంట పడి, చివరికి ఎముక కనిపిస్తుంది. రోజుకు పన్నెండుసార్లు తిప్పాలి, తిప్పినప్పుడల్లా చార్టులో టైము వేసి సంతకం చేయాలి. అంటే నెలకు 360 సంతకాలు. ఆ అమ్మాయి ఒక్క రాత్రిలో అన్నీ పెట్టేసింది, అదీ ఒకే పెన్నుతో. "మధ్యలో నల్ల పెన్ను కూడా వాడమ్మా, అనుమానం రాదు" అని సలహా ఇచ్చింది నేనే.

ఏం చేయను, పాత అలవాటు. పుత్తూరు పక్కన పల్లె బడిలో నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు మా మూడు బళ్ళకు కలిపి ఒకటే గ్లోబు ఉండేది. ఇన్‌స్పెక్టరు గారు జీపులో ఒక బడి నుంచి ఇంకో బడికి రోడ్డు మీద వస్తుంటే, మా అటెండరు ఆ గ్లోబును గోనెసంచిలో వేసుకుని చెరువుకట్ట మీదుగా సైకిల్లో ముందే వచ్చేవాడు. మూడు బళ్ళలోనూ ఆయన అదే గ్లోబు చూసి, మూడు చోట్లా "బోధనోపకరణాలు కలవు" అని రాశాడు. కాబట్టి తమరి వృత్తి ఏమిటో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సరే, మర్నాడు సార్లు వస్తారు. వంటింట్లోకి తొంగిచూస్తారు, మంటలార్పే ఎర్ర సిలిండరు మీద తేదీ చూస్తారు, రిజిస్టర్లు తిప్పుతారు. బరువుల రిజిస్టరులో నేను ఏడాదిగా ప్రతి నెలా అరవై రెండు కిలోలు. నా ప్యాంటుకు మాత్రం బెల్టులో కొత్తగా రెండు రంధ్రాలు పొడవాల్సి వచ్చింది. ఆపైన ఒక సారు తమరి అంచు పట్టుకుని, "నీట్‌గా మెయింటెయిన్ చేస్తా ఉండారే" అంటాడు. నా వైపు తిరిగి, "ఏం పెద్దాయనా, అంతా బాగుందా?" అని అడుగుతాడు. నేను ఏం చెప్పాలో మేనేజరు ఆయన భుజం వెనక నిలబడి కళ్ళతోనే చెబుతాడు. నేను "బాగుంది సార్" అంటాను. ఆ రాత్రి, ఆ మరుసటి రాత్రి కూడా ఇక్కడే పడుకోవాల్సింది నేను, ఆయన కాదు. మనిషికో అరటిపండు, ఒక గ్రూపు ఫోటో. నాలుగు గంటలకల్లా తమరు మడతపడి బీరువాలోకి వెళ్ళిపోతారు.

మా పెద్దమ్మాయి అమెరికాలో, ఒహాయోలో నర్సింగ్ హోమ్‌లో నర్సు. మన వైపు నర్సింగ్ హోమ్ అంటే కాన్పులాసుపత్రి కదా, మొదట్లో నేను "రోజుకు ఎన్ని కాన్పులమ్మా?" అని అడిగి నవ్వులపాలయ్యాను. అక్కడ అది మాలాంటివాళ్ళు ఉండే చోటట. 1987లో వాళ్ళు చేసుకున్న చట్టం ప్రకారం తనిఖీకి చెప్పకుండా రావాలి. ఏ హోముకైనా తనిఖీకీ తనిఖీకీ మధ్య పదిహేను నెలలు దాటకూడదు. రేపు వస్తున్నాం అని ముందుగా చెవిన వేసినవాడికి 2,000 డాలర్ల దాకా జరిమానా అని ఆ చట్టంలో రాసుకున్నారు. ఆ ఒక్క ముక్క మన దగ్గర అమలు చేస్తే ఎంతమంది ఇళ్ళమ్ముకోవాలో లెక్కేసి కాసేపు ఆనందించాను.

అయితే తమరు మరీ చిన్నబుచ్చుకోనవసరం లేదు. తమరి చుట్టాలు అక్కడా ఉన్నారు. 2008 చివర్లో వాళ్ళు హోములకు ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎంతమంది నర్సులున్నారనే లెక్క మాత్రం తనిఖీ ముందరి రెండు వారాలకు హోములే రాసిచ్చేవి. ఇంకేం, తనిఖీ ఎప్పుడొస్తుందో అంచనా వేసుకుని ఆ రెండు వారాలూ నర్సులే నర్సులు. ఆ మాట నమ్మలేక 2016 నుంచి, జీతం ఎవరికి ఎన్ని గంటలకు ఇచ్చారో ఆ పట్టీ పంపమన్నారు. మనుషుల్ని ఒక రోజుకు అరువు తేవచ్చు గానీ మూడు నెలల జీతాల పట్టీని అరువు తేవడం కష్టం.

"వాళ్ళు వచ్చి ఏం చూస్తారమ్మా?" అని అడిగాను.

"చాలానే చూస్తారు నాన్నా. మంచంలో ఉన్నవాళ్ళ దగ్గర మాత్రం ముందు దుప్పటి తీస్తారు" అంది.

ఆ మాట విన్నాకే తమరికి ఉత్తరం రాయాలన్న బుద్ధి పుట్టింది.

చట్టాలు మనకూ ఉన్నాయి లెండి. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీఓ స్థాయి అధికారి ముందు అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 దాకా ఇప్పిస్తారు. ముసలివాళ్ళను వదిలేసి పోతే మూడు నెలల జైలు కూడా రాశారు. పేద వృద్ధులకు జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మందికి చోటుండేలా ప్రభుత్వం ఆశ్రమాలు పెట్టవచ్చు అంది చట్టం. తెలుగు మాస్టరుగా చెబుతున్నాను, "పెట్టవలెను"కూ "పెట్టవచ్చు"కూ మధ్య మా తరం గడిచిపోయింది. ప్రతి ఆశ్రమం రిజిస్టరు కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. దాన్నీ బీరువాలో తమరి పక్కనే మడతపెట్టినట్టున్నారు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినప్పుడు నేను కొంచెం ఆశపడ్డాను. అంతకు ముందు సార్లు చిత్తూరు నుంచి రావాలి, అంత దూరం వచ్చేలోగా ఫోను చేసే టైము ఎవరికైనా దొరుకుతుంది. ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నారు, చెప్పాపెట్టకుండా దిగుతారేమో అనుకున్నాను. ఫోను ఇంకా తొందరగా వస్తోంది. లోకల్ కదా! వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 అని మా గోడ మీద అంటించింది కూడా తనిఖీ ముందురోజే. సెల్లు లేనివాళ్ళు ఫోను చేయాలంటే అది మేనేజరు టేబుల్ మీద ఉంటుంది.

మేనేజరు దుర్మార్గుడని తమరు అనుకుంటారేమో, కాదు. రాత్రిపూట ఇరవై రెండు మందికి ఒక్క ఆయా. "నేనొక్కదాన్నే గదా సార్, ఎవర్నని తిప్పేది?" అని ఆమె అంటే నా దగ్గర జవాబు లేదు. రెండో ఆయాను పెట్టుకోవడానికి డబ్బు లేదంటాడు మేనేజరు. పాయసానికి మాత్రం ఎప్పుడూ కొరత లేదు. వర్ధంతికి పాయసం, పుట్టినరోజుకు కేకు, కొండకు వచ్చి మొక్కు తీర్చుకుని తిరిగి పోతూ జాంగ్రీలు. ఒక ఆదివారం మూడు కుటుంబాలవాళ్ళు మూడు పాయసాలు తెచ్చారు. మాలో సగానికి పైగా షుగరు ఉన్నవాళ్ళమే. మా నాన్న పేరు మీద ఒక నెల రాత్రి ఆయా జీతం ఇస్తాను అన్న పుణ్యాత్ముణ్ణి నేనింతవరకు చూడలేదు. డైపర్లు పంచుతూ ఫోటో దిగడం బాగుండదు కాబోలు.

ఇక పోయినసారి జరిగింది. సారు అప్పటికే రిజిస్టరులో "పరిశుభ్రత సంతృప్తికరం" అని రాసేశాడు. ఫోటో కోసం డ్రైవరన్నను లేపి కూర్చోబెట్టారు. తమరి మీద అరచేయంత మరక. పసుపూ ఎరుపూ కలిసి, మధ్యలో నల్లగా.

"పులుసు పోసుకున్నాడు సార్" అన్నాడు మేనేజరు.

వాళ్ళ వెంట ట్యాబు పట్టుకుని ఒక కాంట్రాక్టు అమ్మాయి వచ్చింది. అందరిలోకీ చిన్నది. "పులుసు నడుము కింద ఎట్ల పడింది సార్?" అంది. ఎవరూ పలకలేదు. ఆ పిల్ల ముందుకు వచ్చి డ్రైవరన్న చొక్కా పైకెత్తి చూసింది. వెంటనే ముక్కు మూసుకుంది గానీ చూపు తిప్పుకోలేదు. మధ్యాహ్నానికి ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పద్దెనిమిది రోజుల తర్వాత గాలి పరుపుతో సహా తెచ్చి దించారు. ఏడాదిగా నేనూ ఆ గదిలోనే ఉన్నాను, ఆ వాసన నాకూ తెలుసు. అడిగినప్పుడు నేను "బాగుంది సార్" అనే అన్నాను. తమరు ఒక్కరే నోరు విప్పారు.

అందుకు తగిన శాస్తి కూడా జరిగింది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మరక పోలేదు. బీరువాలోకి కొత్తగా గులాబీ రంగువి వచ్చాయి, తమరిని తెచ్చి మా గదిలో పడేశారు. కాబట్టి ఇక తమరు అననక్కర్లేదు, నువ్వు అంటాను. ఏమనుకోవద్దు.

నీకు కొత్త ఉద్యోగం ఇచ్చాం. మా అమ్మాయి వీడియోలో నేర్పించింది. నిన్ను అడ్డంగా నాలుగు మడతలు పెట్టి, డ్రైవరన్న భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి, ఇద్దరు మనుషులు చెరో అంచు గట్టిగా చుట్టి పట్టుకుని ఒక్కసారి ఎత్తి తిప్పాలి. మనిషిని పట్టి ఈడిస్తే తోలు ఊడుతుంది, దుప్పటితో ఎత్తితే ఊడదు. మొదటి రాత్రి నేనూ వాచ్‌మనూ కలిసి ఎత్తితే నా నడుము పట్టేసింది. ఇప్పుడు కిటుకు తెలిసింది. చార్టు నేనే రాస్తున్నాను, తిప్పిన తర్వాతే. తెల్లవారుజామున రెండు గళ్ళు ఖాళీగా ఉంటాయి, అప్పుడు నేను నిద్రపోతాను.

తొమ్మిదిన్నరైంది. వాచ్‌మన్ గేటు తాళం వేసి వస్తున్నాడు. డ్రైవరన్న నా వైపు చూసి నోరు ఒక పక్కకు లాగి ఏదో అంటున్నాడు. మాట సరిగా రాదు గానీ నాకు అర్థమవుతుంది, "రైట్ రైట్" అంటున్నాడు.

ఉంటాను. నిన్ను పట్టుకోవాలి.

ఇట్లు,
నాలుగో నంబరు మంచం,
తిరుపతి