ఉపగ్రహం మీద ఒక ప్లాటుదారుడి అర్జీ

హన్మకొండ శివార్లలో 200 గజాల ప్లాటు, దాని మీద ఓ డూప్లెక్సు ఉన్న మర్యాదస్తుణ్ణి నేను. రిజిస్ట్రేషన్ పక్కా. కరెంటు మీటరుంది, ఇంటి పన్ను కడుతున్నాను. ఇన్ని కాగితాలుండగా, ఎక్కడో వందల కిలోమీటర్ల పైన తిరిగే ఓ డబ్బా 'అది చెరువు శిఖం', అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, అని ఊరంతా చాటడం ఏం పద్ధతి?

మొదట్లో ఉపగ్రహాలు ఇలా ఉండేవి కావు. రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరాకు 23.5 మీటర్ల చదరం ఒక్క చుక్క. అంటే నా ప్లాటు, అటూ ఇటూ పక్కింటివాళ్లవి కలిపినా ఆ చుక్క నిండదు. చూపు అంత సంసారపక్షంగా ఉండేది. 2005లో కార్టోశాట్-1 వచ్చి కొంప ముంచింది. దాని చుక్క 2.5 మీటర్లే. నా ఒక్క ప్లాటు మీదే 26 చుక్కలు! పైగా దానికి రెండు కెమెరాలు, ఒకటి ముందుకు వంగి చూస్తే ఇంకోటి వెనక్కి చూస్తుంది. మన రెండు కళ్లలాగే ఆ రెండు బొమ్మలతో ఎత్తుపల్లాలు తేలతాయి. ఇక కంప్యూటరు, ఏ గట్టు మీద పడ్డ చినుకు ఏ ఒర్రెలో దిగి ఎటు పోతుందో గీతలు గీస్తుంది. ఎక్కడెక్కడ పడ్డ చినుకులు చివరికి ఒక్కచోటికే చేరతాయో ఆ జాగా అంతా కలిపి ఒక వాటర్‌షెడ్ అట. మా వాటర్‌షెడ్‌లో గీతలన్నీ కలిసి సరిగ్గా మా పోర్టికో కిందికి వస్తున్నాయి.

నాకు ప్లాటు అమ్మినాయన ఎంత పెద్దమనిషి! మే నెల మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లి చూపించాడు. నేల నెర్రెలు బారి ఉంది. "ఇక్కడ నీళ్లా సార్? బోరేసినా పడవు" అన్నాడు. ఉపగ్రహానికి ఆ సంస్కారం లేదు. నవంబరు బొమ్మ, మే బొమ్మ తీసి పక్కపక్కన పెడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నీళ్లు మింగేస్తాయి కాబట్టి చెరువు నల్లగా పడుతుంది, పచ్చని వరి పొలం ఎర్రగా కనిపిస్తుంది. పచ్చదాన్ని ఎర్రగా చూపించే యంత్రం సాక్ష్యం చెల్లుతుందా? వకీలును అడగాలి. పోనీ మబ్బు చాటున బతుకుదామంటే 2012లో రీశాట్-1 వచ్చింది. దాని రాడార్‌కు మబ్బూ చీకటీ అడ్డం కావట.

2023 జులై వానలకు మా హాల్లో సోఫా దిండ్లు తేలాయి. ఆ పొద్దున, ఒకప్పుడు చెరువు నీళ్లు పొలాలకు వదిలిన పాత నీరటి తాత గొంగడి కప్పుకొని వచ్చి గేటు దగ్గర ఆగాడు. "మత్తడి దుంకింది సారూ. దాని తొవ్వ మీ పోర్టికో మీదికెల్లే" అన్నాడు. చెరువు నిండి అలుగు పొర్లిందని ఆయన భాష. ఏ తెరా చూడకుండానే ఉపగ్రహంతో కుమ్మక్కయ్యాడు. కాకతీయులు పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా కట్టించారు, సరే. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత వెంచర్లు పడతాయన్న ముందుచూపు ఉండొద్దా?

ముందు గట్టు మీద కందకాలు, తర్వాత ఒర్రెల్లో చెక్‌డ్యాములు, ఆఖరుకు చెరువు, ఇలా పైనుంచి కిందికి పని చేసుకురమ్మని మ్యాపు చెబుతుంది. చేయండి, వద్దనను. కందకం ఫోటోలో నిండుగా పడదని చెక్‌డ్యాముతోనే మొదలుపెట్టినా వద్దనను. నేనడిగేది ఒక్కటే, ఆ ఎఫ్‌టీఎల్ గీతను, అదే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు వచ్చే హద్దును, రెండిళ్ల అవతలికి జరపండి. అక్కడివాళ్లు కొత్తగా దిగారు, నాకింకా పరిచయం కాలేదు.

అర్జీ రాయడం అయిపోయింది. వాన తగ్గితే జిరాక్స్ తీయించుకు రావాలి. కారు మాత్రం పొద్దున్నే పై గల్లీలో పెట్టి వచ్చాను. ఏ గల్లీ ఎత్తో ఆ మ్యాపులోనే చూశాను లెండి.