ఒక లీటరు ఇథనాల్, ఒక ట్యాంకరు నీళ్లు

వానాకాలంలో నా పాత బండి మొరాయిస్తే మిర్యాలగూడలో మెకానిక్ ట్యాంకును గాజు సీసాలోకి వంపి ఎండకు పట్టి చూపించాడు. పైన పెట్రోలు, అడుగున వేలి మందాన మరో పొర. ‘కల్తీ కాదు సార్, తేమ తాగింది’ అన్నాడు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్, అంటే బియ్యం, మొక్కజొన్న లాంటి వాటితో చేసే ఆల్కహాల్. దానికి నీళ్లంటే మోజు. కొంత తేమను పెట్రోలులోనే కలిపి ఉంచుతుంది. హద్దు దాటితే ఆ నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. ఇథనాల్ కలిపాక మైలేజీ పడిపోయిందన్న ఫిర్యాదూ అబద్ధం కాదు. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం మిశ్రమంతో, అందుకు తగ్గట్టు తయారుకాని కార్లలో 6–7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3–4 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. కాకపోతే ఇథనాల్‌కు ఆక్టేన్, అంటే ఇంజిన్‌లో ఒత్తిడికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, ఎక్కువ. దానికోసమే రూపొందించిన ఇంజిన్ ఈ నష్టంలో కొంత పూడ్చుకుంటుంది. బ్రెజిల్ 1975 నుంచి ఈ దారిలోనే ఉంది. అందుకే మైలేజీ గొడవను నేను పెద్దగా పట్టించుకోను. నా బెంగ వేరు.

టన్ను బియ్యం నుంచి సుమారు 450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. బండిలో ఐదు లీటర్ల పెట్రోలు పోయిస్తే అందులో ఒక లీటరు ఇథనాల్. బియ్యంతో చేసిందైతే రెండు కిలోల పైచిలుకు. కిలో బియ్యానికి 3,000 లీటర్ల నీళ్లు అనుకున్నా, 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి దాటిపోయింది. సాగర్ ఎడమ కాలువ కింద అది కృష్ణ నీరు. కాలువ అందని చోట బోరు నీరు, అదీ ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన నల్గొండ జిల్లాలో.

మిల్లులో మిగిలే నూకలతో చేస్తే నాకు పేచీ లేదు. కానీ 2025 జనవరిలో కేంద్రం తన గోదాముల బియ్యాన్నే ఇథనాల్ కోసం క్వింటాలు 2,250 రూపాయలకు ఇచ్చింది. ఆ సీజన్‌లో వడ్ల మద్దతు ధర 2,300. వడ్ల కంటే బియ్యం చౌక! ఈ లెక్క ఏ మిల్లరుకు చెప్పినా నవ్వుతాడు.

పాలమూరు వైపు వెళితే గొడవ ఇంకా సూటిగా ఉంటుంది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ పరిశ్రమ వల్ల వాగు, గాలి పాడవుతున్నాయని ఊళ్లు రోడ్డెక్కాయి. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో నిరసన ఉద్రిక్తంగా మారి రైతులు జైలు పాలయ్యారు. ‘పచ్చని ఇంధనం’ అనే మాట అక్కడ ఎవరి నోటా వినబడదు.

మొక్కజొన్న నయమంటారు. చెలకల్లో వానకే పండుతుంది, నిజమే. కానీ కోడిదాణా కూడా అదే కదా. ఇథనాల్ గిరాకీతో దాని ధర పెరిగితే కోళ్ల రైతు చితికిపోతాడు.

నా ఓటు గడ్డికి. పానిపట్‌లో 2022లో ప్రారంభించిన ప్లాంటును ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. ఖరీదైన పద్ధతే. కానీ దానికి కొత్తగా చుక్క సాగునీరు అక్కర్లేదు, ఎవరి పళ్లెమూ ఖాళీ కాదు. మన దగ్గర ఆ గడ్డి ఏమవుతోంది? యాసంగి కోతలయ్యాక ఒక సాయంత్రం హాలియా నుంచి వస్తుంటే దారికి రెండు వైపులా కొయ్యకాళ్లు తగలబడుతున్నాయి. ఇంకా పొద్దు గూకలేదు. పొగలో ముందున్న లారీ కనబడక లైటు వేసుకుని నడిపాను.