దొరకడం వేరు, కాపురం వేరు

కొత్త వైరస్‌లను ఇప్పుడు జన్యుక్రమం చదివి పట్టేస్తున్నారని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు, నిజమే. కానీ గబ్బిలం రెట్టలో దొరికిన వైరస్ గబ్బిలానిదే కానక్కర్లేదు, అది తిన్న పురుగుది కూడా కావచ్చు. ఒక జంతువులో వైరస్ దొరకడం వేరు, దాని ఒంట్లో కాపురం పెట్టి పెరగడం వేరు. ఈ చిక్కుముడి గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు!

మన హైదరాబాద్ సంగతే చూడండి. 2021లో నెహ్రూ జూపార్కు సింహాలు ఊపిరికి ఇబ్బంది పడుతుంటే, మత్తిచ్చి ముక్కు, గొంతు నుంచి నమూనాలు తీశారు. ఇక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీ చేసిన పరీక్షల్లో 8 సింహాలకు కరోనా తేలింది. సింహం కూడా చేరే పిల్లి జాతి కణాల మీది ఏస్2 ప్రోటీన్ మనిషి ప్రోటీన్‌ను చాలావరకు పోలి ఉంటుంది. వైరస్ పట్టు దొరకబుచ్చుకునేది దానిమీదే. కోళ్లకు ఈ వైరస్ ఎక్కించి చూసిన ప్రయోగాల్లో మాత్రం అది పెరగలేదు. 2020లో వదంతులు నమ్మి చికెన్ మానేసిన నగరం మనది, ఈ మాట అప్పుడే ఎవరైనా గట్టిగా చెప్పాల్సింది.